క్రొత్తదానిపై మోపిన నింద



మన యిండ్లలో కంప్యూటరు చేరి చాలకాలమైనది. కుట్టుమిషను, గోడగడియారము, తిరుగలివలె నదియు నొక గృహోపకరణమే యైనది. పిల్లల చదువులు, పెద్దల లెక్కలు, పెండ్లిండ్ల చిత్రములు, దూరదేశములందున్న వారి యుత్తరములు అన్నియు దానియందే యున్నవి. అయినను దాని పెట్టె మూత తీయునప్పుడు మాత్రము స్త్రీలను దూరముగా నుండుమనుట పలు గృహములందు వాడుక. పైనున్న దుమ్ము తుడుచుట మనవంతు. లోన నేమి యున్నదో తెలిసికొనుట పరులవంతు. ఇట్టి విభాగము మంచిది కాదని నా యభిప్రాయము. పెట్టెలోని సొత్తు మనదైనప్పుడు తాళపుచెవి యెక్కడ నున్నదో మనకును దెలిసియుండవలయును. 2023వ సంవత్సరపు వేసవి సెలవులలో మా యింట జరిగిన యొక సంగతి ఈ మాటను నాకు స్పష్టము చేసినది. అది మీలో కొందఱికైనను ఉపకరించునని తలచి వ్రాయుచున్నాను.

ముందుగా విషయమును గూర్చి రెండు మాటలు. కంప్యూటరు తన విద్యను, మనము దాచిన సొత్తును నిలువయుంచుకొను చోటునకు డిస్కని పేరు. వెనుకటి హార్డు డిస్కులో అద్దమువలె నునుపైన పళ్లెములు నిమిషమునకు 5400 లేక 7200 మారులు తిరుగుచుండును. గ్రామఫోను ముల్లును బోలిన యొక సన్నని చేయి ఆ పళ్లెములను తాకకుండ, వెండ్రుకవాసికన్న నెంతో తక్కువ యెడముతో, అటునిటు కదలుచు వ్రాయును, చదువును. 1956లో ఐ.బి.ఎం. సంస్థ వెలువరించిన మొదటి హార్డు డిస్కునందు 24 అంగుళముల పళ్లెములు 50 యుండెను. అన్నియు గలిసి 50 లక్షల అక్షరములు మాత్రమే పట్టెడివి. ఇప్పటి ఎస్.ఎస్.డి. యందు తిరుగునది గాని కదలునది గాని లేదు. 1987లో జపాను దేశమున తోషిబా సంస్థకు జెందిన ఫుజియో మసువోక యను శాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును లోకమునకు దెలిపిన నాండ్ ఫ్లాష్ అను రీతియే దానికి మూలము. వెదకుటకు ముల్లు పరుగెత్త నక్కఱలేదు గనుక చదువుట యతివేగము. ముదిసిన కంప్యూటరునకు మరల ప్రాయము దెచ్చుటకు ఇంత తక్కువ వ్యయముతో నగు నుపాయము మఱియొకటి యరుదు.

మా యింటి యంత్రము 2014లో కొన్నది. మా వారు ప్రభుత్వోన్నత పాఠశాలలో నుపాధ్యాయులు. వారి ప్రశ్నపత్రములు, పిల్లల మార్కుల పట్టికలు, మా యమ్మాయి పాఠములు దానియందే యుండెను. వీనియన్నిటికంటె విలువైనది మఱియొకటి యుండెను. మా మామగారు 2019లో కాలము చేసిరి. అంతకు ముందటి యేడు వారు సాయంకాలములందు వసారాలో గూర్చుండి చదివిన పురాణమును మా వారు ఫోనులో రికార్డు చేసి, కంప్యూటరులో దాచిరి. ఆ ఫోను తరువాత పాడైపోయినది. అందుచేత మామగారి కంఠస్వరము ఈ భూమిమీద నా యొక్క డిస్కుమీదనే మిగిలియుండెను. ప్రతి యేకాదశినాడును అత్తగారు ఆ యంత్రము ముందు పీట వేసికొని కూర్చుండి వినెడివారు.

తొమ్మిదేండ్లు గడచుసరికి యంత్రము మిక్కిలి మందగించినది. మీట నొక్కి, పొయ్యిమీద నెసరు పెట్టి, బియ్యము కడిగి వచ్చినను తెఱచుకొనకుండెను. సెలవులకు వచ్చిన మా మఱది దానికి ఎస్.ఎస్.డి. వేయింతమని పూనుకొనెను. ప్రాత డిస్కును ఊడదీసి, పట్టణములోని యొక దుకాణమునకు దీసికొనిపోయి, అందున్న సమస్తమును ఉన్నదున్నట్లు 500 గిగాబైట్ల క్రొత్త డిస్కులోనికి నకలు తీయించెను. ఆ రెండు దినములును కంప్యూటరు పెట్టె ప్లగ్గు తీసి మూలను బెట్టబడియుండెను. మూడవనాడు క్రొత్త డిస్కును ఇంటనే బిగించి మీట నొక్కెను.

మొదట నల్లని తెరపై తెల్లని యక్షరములతో నేదో వ్రాత కానవచ్చి, ఒక మీటను నొక్కుమని యడిగినది. మా మఱది దానిని చదువకయే నొక్కెను. విండోస్ గుర్తు వచ్చినది; చుక్కలు గుండ్రముగా దిరిగినవి; అంతలో తెర యంతయు నీలమై, ఏడుపు ముఖమొకటి కనబడి, క్రింద "ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్" అను మాటలు వచ్చినవి. ఏ డిస్కునుండి తాను మేల్కొనవలయునో దానిని చేరజాలకున్నానని దాని భావము. పిమ్మట యంత్రము తనంతట తానే యాగి, మరల మొదలిడి, మరల నా నీలితెర చెంతనే కూలబడినది. అయిదారు మారులు అట్లే జరిగినది.

"ఈ కొత్త డిస్కే మంచిది కాదు వదినా! మొన్నటిదాకా నడిచిందేగా!" అనెను మఱది.

అత్తగారు తలుపు దగ్గఱ నిలుచుండి, "అది అడుగుపెట్టిన వేళ అట్లాంటిది" అని, నావంక జూచి, మాట మింగి యూరకుండిరి.

ఆ మాట నాకు గ్రుచ్చుకొన్నది. నేను 2010లో ఈ యింట కోడలినై యడుగిడిన నెలలోపుగానే పాడిగేదె చచ్చినది. మఱి పది దినములకు మా వారికి దూరపు పల్లెకు బదిలీ యాజ్ఞ వచ్చినది. "కోడలు కాలు పెట్టిన వేళ" యని యిరుగుపొరుగువారు చెవులు గొఱుకుకొనిరి. అత్తగారు నన్నెన్నడును ఆ మాట యనలేదు. అన్నవారిని వలదనియు ననలేదు. గేదె అంతకు ముందే జబ్బుపడియున్నదనియు, బదిలీల పట్టిక మా పెండ్లికి ముందే సిద్ధమైనదనియు అందఱును ఎఱుగుదురు. అయినను క్రొత్తగా వచ్చినది నేను గనుక, వేలు నావైపునకే తిరిగెను. ఇప్పుడు ఆ నింద నోరులేని యొక డిస్కుమీద బడినది.

మా నాయనగారు నాకు ఇంటనే కావ్యములతోబాటు అన్నంభట్టుగారి తర్కసంగ్రహమును జెప్పిరి. పొగను జూచి నిప్పును ఊహించు న్యాయమునకు ఆ శాస్త్రము చూపు నుదాహరణములు రెండు: పొగయు నిప్పును గూడియుండునది వంటయిల్లు, నిప్పును లేక పొగయు లేనిది మడుగు. మొదటిది అన్వయము, రెండవది వ్యతిరేకము. వంటయింటిని దృష్టాంతముగా జేసికొన్న శాస్త్రము మనకు పరాయిది యెట్లగును? ఒకటి యొకదానికి కారణమనవలయునన్న, అది యున్నచోట ఫలముండుట మాత్రమే చాలదు. అది లేనిచోట ఫలము లేకపోవుటయు చూపవలయును. కాకి వ్రాలుటయు తాటిపండు రాలుటయు నొక్క క్షణమున జరిగినంతమాత్రమున కాకి పండును రాల్చినదనరాదు. దానినే పెద్దలు కాకతాళీయ మనిరి.

"క్రొత్తది తీసివేసి, ప్రాత డిస్కు నొక్కదానినే మరల బెట్టి చూడుము" అని మఱదితో నంటిని. అతడట్లే చేసెను. ఏమని చెప్పుదును! మూడుదినముల క్రిందట చక్కగా నడచిన యా ప్రాత డిస్కుతోడను యంత్రము అట్లే నీలితెర చూపి, ఆ మాటలనే పలికి కూలబడినది.

ఇల్లు నిశ్శబ్దమైనది. "అయ్యో, పాతది కూడా పోయింది!" అనెను మఱది. అత్తగారు గోడకు జేరగిలబడి కూర్చుండిరి. వారేమియు ననలేదు, కాని వారి మనస్సులో నే గొంతు మూగవోయినదో మా కందఱకును దెలిసెను. దుకాణమువారికి ఫోను చేయగా, రెండు డిస్కులను తెండని, అన్నియు తుడిచివేసి విండోస్‌ను క్రొత్తగా నెక్కింతుమని చెప్పిరి. మఱది చొక్కా తొడుగుకొనెను. నేను, "సాయంత్రం దాకా ఆగు నాయనా, ఈలోగా తుడిచెయ్యడం మాత్రం వద్దు" అంటిని. మా వారు, "ఒక్క పూట ఆగితే పోయేదేముంది, వదిన చెప్పినట్టు చెయ్యి" అనిరి.

ప్రాత డిస్కును కూడ అదే జబ్బు పట్టుట అందఱకును అశుభముగా దోచినది. నాకు మాత్రము ఆశ కలిగించినది. రెండు వేఱు డిస్కులు ఒక్కనాడే, ఒక్క తీరుననే చెడుట సంభవము కాదు. క్రొత్తది లేనప్పుడును లోపముండెను గనుక క్రొత్తది కారణము కాదు. నకలు మాట యసలే లేదు, ప్రాతది మూలమే గదా! అయినచో కారణము ఆ రెంటికిని బయట, రెంటికిని సామాన్యమైన చోట నుండవలయును. ఒక కాగితమున రెండు వరుసలు గీసి, ఒకదాన "మారినవి", మఱియొకదాన "మారనివి" యని వ్రాసితిని. మారినవి మూడే తేలినవి: డిస్కును కలుపు తీగ ఊడదీసి మరల బెట్టుట, పెట్టె రెండు దినములు ప్లగ్గు లేక యుండుట, చదువక దాటవేసిన యా నల్లని తెర.

మొదట తీగను జూచితిమి. డి.వి.డి. పెట్టెకున్న తీగను దీసి దీనికి బెట్టితిమి; మార్పు లేదు. తీగ నిర్దోషి. పిదప నల్లని తెర వచ్చినప్పుడు మీట నొక్కనీయక పూర్తిగా జదివితిని. బయోస్ తన యమరికలను మఱచిపోయి, తయారైననాటి యమరికలను జేసికొన్నదని యందు వ్రాసియున్నది. డిలీట్ మీట నొక్కి బయోస్ లోనికి బోయి చూడగా, అందలి తేదీ 2014 జనవరి 1! గడియారము తొమ్మిదేండ్లు వెనుకకు బోయినది. అప్పుడు చిక్కుముడి యొక కొన దొఱికినది.

బయోస్ అనగా నేమో చెప్పెదను. ఇంటిలో నందఱికన్న ముందు లేచి, పొయ్యి రాజేసి, తక్కినవారిని మేల్కొలుపు ఇల్లాలి వంటిది అది. మీట నొక్కగానే ముందు మేల్కొనునది బయోస్. తెర, మీటలు, డిస్కు సరిగా నున్నవో లేవో చూచి, ఆ మీద విండోస్‌ను బిలుచును. దాని యమరికలను, గడియారమును నిలుపుటకు లోపలి పలకమీద రూపాయి బిళ్లంత బ్యాటరీ యొకటి యుండును. దాని గుర్తు సి.ఆర్. 2032, బలము 3 వోల్టులు. యంత్రము గోడ ప్లగ్గులో నున్నంతకాలము, ఆపివేసినను సన్నని విద్యుద్ధార లోన ప్రవహించుచు బ్యాటరీ పనిని తానే చేయును. మా యింట ఇన్వర్టరు గలదు గనుక ఆ ధార యెన్నడును తెగలేదు. బ్యాటరీ ఎప్పుడో చచ్చినను ఎవ్వరికిని దెలియలేదు. రెండు దినములు ప్లగ్గు తీసి మూలను బెట్టగా జ్ఞాపకము పూర్తిగా దుడిచిపెట్టుకొనిపోయినది.

ఆ మఱపులో నొక్క యమరిక మారుటయే ఇంత యనర్థమునకు మూలమైనది. డిస్కుతో మాటలాడుటకు బయోస్‌నకు రెండు రీతులు గలవు: ఐ.డి.ఇ. యనునది వెనుకటిది, ఎ.హెచ్.సి.ఐ. యనునది క్రొత్తది. 2014లో మా యంత్రమున విండోస్ 7 నెక్కించినవారు ఐ.డి.ఇ. రీతిలో నెక్కించిరి. అదియే తరువాత విండోస్ 10 అయినది. యంత్రము తయారైననాటి యమరిక మాత్రము ఎ.హెచ్.సి.ఐ. జ్ఞాపకము పోగానే బయోస్ ఆ మొదటి రీతికి మరలినది. విండోస్ తన మొలత్రాటికి వెనుకటి తలుపు తాళపుచెవిని గట్టుకొని మేల్కొనెను. తలుపు చూడగా వేఱు తాళము! లోపలి సొత్తు గింజ చెదరక యుండినను, తలుపు తెఱువలేక యది మూర్ఛిల్లినది. నీలితెర పలికిన మాటకు అదియే యర్థము. ఆ మాటలనే ఫోనులో వ్రాసి వెదకగా, దానికి గల పలు కారణములలో ఈ రీతుల మార్పును గూడ నొకటిగా జెప్పియుండెను. మా కాగితముతో సరిపోయినది అది యొక్కటే.

వీధి చివరనున్న గడియారముల కొట్టులో బ్యాటరీ దొఱికినది. మఱది ప్లగ్గు దీసి దానిని మార్చెను. నేను బయోస్‌లో తేదీని సరిచేసి, రీతిని ఐ.డి.ఇ. గా మార్చితిని. ప్రాత డిస్కుతో మీట నొక్కితిమి. చుక్కలు తిరిగినవి, తిరిగి తిరిగి, విండోస్ తెఱచుకొన్నది. మఱియొక పని ముట్టకముందే మామగారి రికార్డులన్నిటిని ఒక పెన్‌డ్రైవులోనికిని, మా వారి ఫోనులోనికిని నకలు తీసితిమి. సాయంకాలము వసారాలో వారి గొంతు వినబడగా అత్తగారు కొంగుతో కన్నులొత్తుకొనిరి.

తరువాత క్రొత్త డిస్కును బెట్టితిమి. అరనిమిషము లోపుగా తెఱచుకొన్నది. దానియందు దోషము గాని, నకలు తీసినవారియందు దోషము గాని కించిత్తును లేదు. వారము గడచిన పిమ్మట దానికి దగిన ఎ.హెచ్.సి.ఐ. రీతికి గూడ మార్చితిమి. అందులకు క్రమమున్నది: మరుసటి మారు సేఫ్ మోడ్‌లో తెఱచుకొనవలెనని విండోస్‌నకు ముందుగా జెప్పి, యంత్రము నాపి, బయోస్‌లో రీతి మార్చి, సేఫ్ మోడ్‌లో నొకమారు తెఱువవలెను. అప్పుడు విండోస్ ఆ క్రొత్త తాళమునకు దగిన చెవిని తానే సమకూర్చుకొనును. పిదప ఆ గుర్తును దీసివేసి మామూలుగా దెఱువవచ్చును.

ఇట్టి కార్యము తలపెట్టు సోదరీమణులకు నా యనుభవమునుండి కొన్ని మాటలు. పెట్టె తెఱచుటకు ముందే, పోయిన తిరిగిరాని వానిని రెండు వేఱు చోట్ల నకలు తీసియుంచుడు. బయోస్‌లోని ప్రతి పుటను ఫోనుతో చిత్రము తీసికొనుడు. మీ యంత్రమున బిట్‌లాకర్ అను తాళమున్నచో, దానిని విడిపించు 48 అంకెల సంఖ్యను కాగితముపై వ్రాసి దాచుడు. అమరికలు మారినప్పుడు అది యడుగబడవచ్చును. డిస్కు కొనునప్పుడు మీ యంత్రమునకు సరిపడు జాతినే యెన్నుకొనుడు. చిన్న పలకల రూపమున వచ్చు ఎం.2 డిస్కులలో సాటా, ఎన్.వి.ఎం.ఇ. యని రెండు జాతులు గలవు, చూపునకు నొక్కటిగానే యుండును. ప్లగ్గు తీసి, మీట నొకమారు నొక్కి మిగిలిన విద్యుత్తును బోనిచ్చి, లోహమును దాకిన పిమ్మటనే లోని భాగములను ముట్టుడు.

బిగించిన తరువాత యంత్రము కూలబడినచో కారణములు పెక్కులుండవచ్చును. తీగ వదులై యుండవచ్చును. ముందుగా నే డిస్కును బిలువవలెనో బయోస్‌నకు దెలియకపోవచ్చును. నకలు తీయునప్పుడు పెద్ద భాగమును మాత్రము తీసి, యంత్రమును మేల్కొలుపు చిన్న భాగమును విడిచియుండవచ్చును. ప్రాత డిస్కునందే చెడిన చోట్లున్నచో ఆ చెడుగు నకలులోనికిని వచ్చును. కవలలవంటి రెండు డిస్కులను ఒక్కసారి కలిపిన యంత్రము భ్రమపడును గనుక, మొదటిసారి క్రొత్తదాని నొక్కదానినే యుంచి తెఱువుడు. ఏది చేసినను ఒక్క మారునకు ఒక్కటే మార్చి, ఫలమును వ్రాసికొనుడు. రెండు మార్పులొకసారి చేసి బాగుపడినను, దేనివలన బాగుపడినదో తెలియదు. తెరపై వచ్చిన వ్రాతను చదువక మీట నొక్కకుడు. క్రొత్తది నెల దినములు చక్కగా నడచువఱకు ప్రాతదానిని తుడువకుడు, ఎవ్వరికిని ఈయకుడు.

ఇంకొక మాటయు జెప్పవలయును. విండోస్ 10కి సామాన్యముగా నిచ్చు భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో ముగిసినవి. అందుచేత మా ప్రాత యంత్రమును ఇప్పుడు అంతర్జాలమునకు గలుపక, వ్రాతపనులకును రికార్డులు వినుటకును మాత్రమే యుంచుకొన్నాము. ఆ పనులకు అది నేటికిని చుఱుకుగానే యున్నది.

ఆ వేసవిలోనే యొకనాడు పప్పు రుబ్బుచుండగా అత్తగారు తమంతట తామే, "ఆ గేదెకు అప్పటికే జబ్బమ్మాయ్. నాకు తెలుసు. ఆనాడే నలుగురిలో అనవలసింది" అనిరి. నేను మాఱు పలుకలేదు. పలుకవలసిన పనియు లేకపోయెను.

తల్లులారా! మన గృహములందు క్రొత్తగా వచ్చినదానిమీదను, క్రొత్తగా వచ్చినవారిమీదను నింద మోపుట మిక్కిలి సులభము. ఎన్నడో నిస్సత్తువైన చిన్న బ్యాటరీ చీకటిమూలను దాగియుండును; కంటికి గనబడునది క్రొత్తది మాత్రమే. అది లేనప్పుడును లోపమున్నదా యని యొక్కమారు పరీక్షించుటకు ఒక పూట చాలును. ఆ పూట యోర్చుకొన్నచో పెక్కు సొత్తులు తుడిచివేయబడక నిలుచును; కోడండ్ర మనస్సులును నొచ్చుకొనక నిలుచును.